హౌరా నుంచి తిరుగు కిరాయి: నా అనుభవం

ఆకివీడు, ఉండి, భీమవరం, కైకలూరు చుట్టుపక్కల ఏ చెరువులో పట్టుబడి జరిగినా ఎవరో ఒక లారీ ఓనరుకి ఫోను వస్తుంది. బొచ్చె, శీలావతి చేపలు ఐసు కొట్టుకుని హౌరా మార్కెట్‌కి బయలుదేరాలి. చేప ఆగదు కాబట్టి ఆ కిరాయి బాగానే ఇస్తారు. మా ఊళ్లో బండి కొనుక్కున్న ప్రతివాడూ ఆ వెళ్లే కిరాయి చూసే కొన్నాడు. నేనూ అలాగే కొన్నాను. మమ్మల్ని నలిపేసేది మాత్రం వెళ్లే కిరాయి కాదు, తిరిగొచ్చే కిరాయి. దానితో నేను ఎలా నెగ్గుకొస్తున్నానో రాస్తున్నాను. కొత్తగా ఫైనాన్స్ మీద బండి తీసుకునే కుర్రాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

నాది సెకండ్ హ్యాండ్ టెన్ టైర్ బండి. నేనూ మా బావమరిదీ మార్చి మార్చి నడుపుతాం. నెలకి కిస్తీ నలభై అయిదు వేల చిల్లర. నేషనల్ పర్మిట్‌కి ఏడాదికి 16,500 రూపాయలు. మా తరగతి బండికి, అంటే 20 నుంచి 40 టన్నుల లోపు గ్రాస్ బరువు (బండి, సరుకు కలిపి) ఉన్నదానికి, 2022లో పెట్టిన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియమే 43,950. ఆపైన క్వార్టర్లీ టాక్సు, ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు. బండి రోడ్డు మీద ఉన్నా, షెడ్డులో ఉన్నా వీటిలో చాలావరకు ఆగవు. అన్నీ కలిపి, మా ఇద్దరి తిండి, బావమరిది బేటా (డ్రైవరు రోజు భత్యం) వేసుకుంటే, బండి ఊరికే నిలబడిన రోజుకి మూడు వేలు దాటుతుంది. ఈ అంకె నేను డాష్‌బోర్డు మీద కాగితం అంటించి రాసి పెట్టుకున్నాను. లోడు ఇప్పించే బ్రోకరుతో మాట్లాడేటప్పుడు కళ్ల ముందు ఉండాలని.

వెళ్లే ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ దాటి, తుని, విశాఖ, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోకి, బాలాసోర్, ఖరగ్‌పూర్ దాటి హౌరా. సిద్ధాంతం నుంచి హౌరా దాకా ఒకటే రోడ్డు, 16వ నంబరు జాతీయ రహదారి. పదకొండు వందల పైచిలుకు కిలోమీటర్లు. చేప పది పన్నెండు టన్నులు ఉంటే మిగతా బరువంతా ఐసే. తెల్లవారుజామున వేలం మొదలయ్యే సరికి బండి అక్కడ ఉండాలి. లేటైతే సరుకు రేటు పడిపోయిందని కిరాయిలోంచి కోస్తారు. అందుకే చేపల బండి అంటే అందరికీ టెన్షన్. కానీ దిగాక చేతికి డబ్బు కనిపిస్తుంది.

దిగిన తర్వాత అసలు కథ. హౌరా జిల్లాలో ధూలాగఢ్ దగ్గర పెద్ద లారీ టెర్మినల్ ఉంది. అక్కడికి వెళ్తే ఏపీ నంబర్లు, తమిళనాడు నంబర్లు, ఒడిశా నంబర్లు బారులు తీరి ఉంటాయి. దక్షిణం నుంచి అక్కడికి చేప వెళ్తుంది, మన తణుకు, అనపర్తి వైపు కోడిగుడ్లు వెళ్తాయి, పళ్లు వెళ్తాయి. అటు నుంచి ఇటు రావాల్సిన సరుకు అంత ఉండదు. వచ్చిన బండ్లు ఎక్కువ, లోడ్లు తక్కువ. ఆ సంగతి బ్రోకరుకి మనకంటే ముందే తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది. 2018 జులైలో కేంద్రం బండ్ల యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. మా టెన్ టైర్ బండికి 25 టన్నులు ఉన్న గ్రాస్ బరువు 28.5 టన్నులు అయింది. ఓవర్‌లోడు కేసుల బెడద తగ్గుతుందని అప్పుడు మేమంతా సంతోషించాం. అయితే ఉన్న సరుకు తక్కువ బండ్లలో సర్దుకుపోయింది, మిగిలిన బండ్లు ఖాళీగా నిలబడ్డాయి. సరుకు పంపే పార్టీలు టన్ను రేటు తగ్గించి అడగడం మొదలుపెట్టారు. మూడున్నర టన్నులు ఎక్కువ మోసి, పాత కిరాయే తెచ్చుకున్న రోజులు నాకు బాగా గుర్తు.

చేపల బండికి ఇవి చాలక సొంత కష్టం ఒకటి ఉంది. అది నీచు వాసన. ఐసు కరిగిన నీళ్లు, చేప జిగురు, పొలుసులు, అన్నీ ఫ్లోరింగ్ చెక్కల సందుల్లోకి దిగుతాయి. బాడీ కింద ఇనుము తుప్పు పడుతుంది, అది వేరే ఖర్చు. అలాంటి బండిలో బియ్యం, పప్పులు, బట్ట ఎవరూ ఎక్కించరు. సరుకు దించగానే వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్లి పంపు పెట్టి కొట్టించాలి. వైరు బ్రష్షుతో చెక్కల మధ్య గీకాలి, బ్లీచింగ్ చల్లి మళ్లీ కడగాలి, తర్వాత డోర్లు దించి ఎండకి నిలపాలి. గోనె సంచులు లోడు చేసే చోట ఒక పెద్దాయన ఉండేవాడు. మాటా పలుకూ లేకుండా బండి ఎక్కి, కూర్చుని, అరచేయి ఫ్లోరు మీద గట్టిగా నొక్కి చూసేవాడు. చేతికి తడి తగిలితే లేచి వెళ్లిపోవడమే. ఆ తర్వాత మూలకి వెళ్లి వంగి వాసన చూసేవాడు. ఆయన తల ఊపే వరకు మా ఇద్దరికీ ఊపిరి ఆడేది కాదు. వానాకాలంలో ఫ్లోరు ఆరక ఒక రోజు పూర్తిగా పోతుంది. ఆ రోజుకి మూడు వేలు ఎవరు ఇస్తారు?

ఇక రేటు మాట. ధూలాగఢ్‌లో ఒక ఆఫీసులో తాడేపల్లిగూడేనికి లోడు ఉందన్నారు. ఇరవై రెండు వేలు ఇస్తాం, సరుకు ఎల్లుండి రెడీ అన్నారు. మా బావమరిదికి కోపం వచ్చింది. "ఇదేం కిరాయి బావా, ఖాళీగా పోయినా ఇంతకంటే నయం కదా!" అన్నాడు. నేను కాగితం తీసి వాడి ముందే లెక్క వేశాను.

ఖాళీగా ఇంటికి రావాలంటే లీటరుకి అయిదు కిలోమీటర్ల చొప్పున రెండు వందల ఇరవై, ముప్పై లీటర్ల డీజిలు. ఇరవై ఒక్క వేలు. టోల్ గేట్లకి ఆరేడు వేలు. అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వేలు ఎలాగూ పోతాయి. లోడు ఎత్తితే మైలేజి నాలుగుకి పడుతుంది, డీజిలు ఇంకో ఆరు వేలు పెరుగుతుంది. బ్రోకరు కమీషన్, లోడింగ్ మామూలు, కాటా, పట్టా తాడు కట్టించుకునే కూలీ కలిపి నాలుగు వేలు. మొత్తం పెరిగే ఖర్చు పది వేలు. ఇచ్చేది ఇరవై రెండు. కాబట్టి ఈరోజే ఎక్కించి పంపిస్తానంటే పన్నెండు వేలు మిగిలినట్టే, కిరాయి ఖర్చుకి చాలకపోయినా సరే. కానీ ఎల్లుండి దాకా ఆగితే ఆరు వేల పైన పోయింది. తాడేపల్లిగూడెంలో అన్‌లోడింగ్‌కి ఇంకో రోజు నిలిపితే మరో మూడు వేలు. మిగిలేది రెండు మూడు వేలు. ఆ రెండు మూడు వేల కోసం ఆగితే ఆకివీడులో మాకు రావాల్సిన తర్వాతి చేపల లోడు ఇంకొకడికి వెళ్లిపోతుంది.

వాడికి అర్థమైంది. మేము ఆగలేదు, ఖాళీగా వచ్చేశాం. తిరుగు కిరాయిలో చూడాల్సింది ఎంత ఇస్తున్నారన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు ఎక్కిస్తారు, ఎప్పుడు దించుతారు అన్నది కూడా. పద్దెనిమిది వేలకి వెంటనే ఎక్కించే లోడు, ఇరవై అయిదు వేలకి మూడు రోజులు ఆపే లోడు కంటే మేలు. వెళ్లే కిరాయి, వచ్చే కిరాయి విడివిడిగా చూడటం నేను పూర్తిగా మానేశాను. ఇంటి దగ్గర బయలుదేరి మళ్లీ ఇంటికి చేరి, తర్వాతి చేపల లోడు కింద బండి పెట్టేదాకా అంతా ఒకటే కిరాయి.

ఈ లెక్కలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. పది వేల ఖర్చు దాటితే ఎంతొచ్చినా లాభమే కదా అని నేను పద్దెనిమిదికి ఎత్తితే, పక్కవాడు పదహారుకి ఎత్తుతాడు. రేటు అక్కడే పడి ఉంటుంది. మా ఓనర్లు కొందరు ఒక మాట మీద ఉందామని, పాతిక వేలకి తక్కువైతే ఎవరూ ఎత్తకూడదని అనుకున్నాం. కొన్నాళ్లు నిలబడింది. అయిదో తారీఖు కిస్తీ కట్టాల్సిన వాడు చెక్కు బౌన్స్ అవుతుందని భయపడి తక్కువకి ఎత్తాడు. వాణ్ని మీటింగులో నిలబెట్టి తిట్టారు. నాకది నచ్చలేదు. ఫైనాన్స్ వాళ్లు బండి లాక్కుపోతే తిట్టిన వాళ్లలో ఎవరూ వెళ్లి విడిపించరు. బండి ఉన్నవాడే రేటు గురించి మాట్లాడగలడు.

బ్యాలెన్స్ సంగతి కూడా చెప్పాలి. తిరుగు లోడుకి ఎక్కువగా ఎనభై శాతం అడ్వాన్సు, మిగతాది సరుకు ముట్టినట్టు సంతకం పెట్టిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) చేరాక అంటారు. ఒక ఆఫీసు నా బ్యాలెన్స్ నెలల తరబడి తిప్పింది. సంచులు తడిశాయని ఒకసారి, అకౌంటెంటు ఊళ్లో లేడని ఒకసారి. పదకొండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న నాలుగు వేల కోసం బండి ఆపుకుని ఎవరు వెళ్తారు? ఆ ధైర్యంతోనే వాళ్లు ఎగ్గొడతారు. అప్పటి నుంచి బ్యాలెన్సు లేకుండా అడ్వాన్సు ఎంతో అదే నా కిరాయి అనుకుని ఒప్పుకుంటున్నాను. ఆఫీసుల వాళ్లు టీడీఎస్, అంటే కిరాయిలోంచి ముందే ఇన్‌కమ్ టాక్సు, కోస్తామన్నప్పుడు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. పది బండ్లు లేదా అంతకంటే తక్కువ ఉన్న ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ కాగితం ఇస్తే కోయక్కర్లేదు. ఆ కాగితాలు కొన్ని సంతకం పెట్టి బండిలోనే ఉంచుకుంటాను.

దారి దొరికింది మాత్రం ధూలాగఢ్‌లో కాదు, మా ఇంటికి కూతవేటు దూరంలో.

ఒకసారి తాడేపల్లిగూడెం వైపు ఒక రైస్ మిల్లులో గోనె బేళ్లు దించుతున్నాం. ఒక్కో బేలులో 500 సంచులు ఉంటాయి, దించడానికి చాలాసేపు పడుతుంది. ఆ ఖాళీలో మిల్లు మేనేజరు గారితో మాట కలిపాను. "ఈ బేళ్లకి లారీ కిరాయి మీకు ఎంత పడిందండి?" అని అడిగాను. "ముప్పై నాలుగు వేలు వేశారండి బిల్లులో. అదేంటి, మీకు తెలీదా?" అన్నారు. నాకు ముట్టింది ఇరవై మూడు. పదకొండు వేలు మధ్యలో ఇద్దరి చేతుల్లో ఆగిపోయింది. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఆయన పూర్తిగానే ఇస్తున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తిరుగు లోడు దిగేది మన ఊళ్లోనే. ఆ సరుకు కోసం ఎదురుచూసే మనిషి మన పక్కనే ఉన్నాడు. మరి ఆ లోడు కోసం హౌరాలో నాలుగు వందల బండ్ల మధ్య క్యూ ఎందుకు కట్టాలి? ఎక్కించే చోట మనం ఎవరికీ అక్కర్లేదు, దిగే చోట మన అవసరం ఉంది. బేరం అక్కడే ఆడాలి.

తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా మిల్లులు తిరిగాను. తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టూ. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం వల్ల ధాన్యం, బియ్యం ప్యాకింగులో గోనెకి గట్టి గిరాకీ ఉంది. ఆ గోనె నేసే జూట్ మిల్లులు ఎక్కువగా హుగ్లీ నదికి అటూ ఇటూ ఉన్నాయి, మనం చేప దించే చోటికి దగ్గరే. ప్రభుత్వం కొనే సంచుల్లో చాలావరకు రైల్లో వస్తాయి, ప్రైవేటు రైస్ మిల్లులు సొంతంగా తెప్పించుకునేవి లారీల్లో వస్తాయి. సార్వా (వానాకాలం పంట) కోతలకి ముందు, అంటే ఆశ్వయుజం, కార్తీకాల్లోనూ, దాళ్వా (రెండో పంట) కోతలకి ముందు మార్చి, ఏప్రిల్‌లోనూ ఈ సంచుల కోసం హడావుడి ఉంటుంది.

చాలామంది వినలేదు. "మా ఏజెంటు చూసుకుంటాడయ్యా" అన్నారు. ఒక మిల్లు ఆయన మాత్రం కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను చెప్పింది ఇదే: "మీరు ముప్పై నాలుగు ఇస్తున్నారు. నాకు ముప్పై ఇవ్వండి చాలు. డబ్బు సరుకు దిగాక మీరే నేరుగా ఇవ్వండి. నేను ఎప్పుడు హౌరాలో ఖాళీ అవుతానో రెండు రోజులు ముందే ఫోను చేస్తా, మీరు అక్కడ సరుకు రెడీ చేయించండి." ఆయన కాసేపు ఆలోచించి, "బండి తడి ఉండకూడదు. ఒక్క బేలు నీచు వాసన వచ్చినా వెనక్కి పంపిస్తా" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఆయనకి నాలుగు వేలు మిగిలింది, నాకు ఏడు వేలు పెరిగింది. డబ్బు కంటే ముఖ్యం, హౌరాలో ఆగే రోజులు పోయాయి. వేలం అయిపోగానే బండి కడిగించుకుని, మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టి, సాయంత్రానికి లోడింగ్‌కి వెళ్లగలుగుతున్నాం. ఫ్లోరు మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత గోనెలు పరుస్తాను, తర్వాతే బేళ్లు. సరుకు విలువ 50,000 దాటుతుంది కాబట్టి సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు ఉండాలి. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు, మా దూరానికి ఆరు రోజులు. ఎక్కడైనా బ్రేక్‌డౌన్ అయితే గడువు లోపు పెంచమని పార్టీకి చెప్పాలి. లేకపోతే ఆపిన చోట పెనాల్టీ.

అంతా సుఖంగా ఉందని అనుకోకండి. సరుకు దిగాక డబ్బు అంటే, దిగిన రోజునే అని నా ఉద్దేశం, వారం అని వాళ్ల ఉద్దేశం. ధాన్యం సీజనులో మిల్లు గేటు బయట ధాన్యం బండ్లు బారులు ఉంటే మన బేళ్లు ఎవరూ పట్టించుకోరు, హమాలీలు దొరకరు. బండి ఆగిన రోజుకి ఇంత హాల్టింగ్ డబ్బు అని ముందే మాట్లాడుకోవాలి. నేను మొదటి రోజు వదిలేసి రెండో రోజు నుంచి అడుగుతున్నాను, ఇస్తున్నారు. గోనెల సీజను కాని నెలల్లో ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు హౌరాలో అసలు ఆగను. ఖాళీగా ఒడిశా వచ్చి, జాజ్‌పూర్ జిల్లాలో కళింగనగర్ స్టీలు ప్లాంట్ల వైపు ఐరన్ లోడు చూసుకుంటాను. హౌరా నుంచి మూడు వందల చిల్లర కిలోమీటర్లు ఖాళీ, మిగతాది కిరాయి. ఇనుముకి నీచు వాసనతో పని లేదు, అది పెద్ద ఊరట. కాకపోతే బరువు లోడు, తాడు సరిపోదు, గొలుసులు కావాలి.

2023 జులై 20న కేంద్రం నాన్ బాస్మతి తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. కాకినాడ పోర్టుకి తిరిగే బండ్లకి పని తగ్గి, వాటిలో కొన్ని లాంగు లోడ్లకి వచ్చాయి. నా ఐరన్ లోడ్ల దగ్గర కూడా మన నంబర్లే ఎక్కువ కనిపించేవి. 2024 సెప్టెంబరు చివర్లో ఆ నిషేధం తీసేసేదాకా ఇబ్బంది పడ్డాం. ఢిల్లీలో బియ్యం మీద తీసుకున్న నిర్ణయం ఒడిశాలో నా ఇనుము కిరాయిని తగ్గిస్తుందని అంతకుముందు నేను ఊహించలేదు.

డీజిలు గురించి ఒక్క మాట. మన రాష్ట్రంలో కంటే ఒడిశాలో లీటరుకి నాలుగైదు రూపాయలు తక్కువ. వెళ్లేటప్పుడు ఇచ్ఛాపురం దాటే వరకు సరిపోయేంతే పోయించుకుంటాను, వచ్చేటప్పుడు బరంపురం దగ్గర ట్యాంకు నింపుతాను. కోనసీమ వాళ్లకి డీజిలు తక్కువకి దొరికే యానాం పక్కనే ఉంది, వాళ్ల అదృష్టం. మాకు అంత చుట్టూ తిరిగితే మిగిలేది ఏమీ ఉండదు.

ఇప్పుడు మేము నలుగురం ఓనర్లం కలిసి చేస్తున్నాం. మిల్లులకి కావాల్సిన బేళ్లు ఒక బండికి మించి ఉంటాయి, నేను ఒక్కణ్నే తేలేను. ఎవరి బండి హౌరాలో ముందు ఖాళీ అయితే వాళ్లకి ఆ లోడు. రేటు నలుగురికీ ఒకటే, ముప్పైకి తక్కువ ఎవరూ చెప్పకూడదు. కమీషన్ లేదు. బండి కడగలేదని సరుకు వెనక్కి వస్తే ఆ నష్టం ఆ ఓనరుదే. పెద్ద మీటింగులో నిలబడని మాట నలుగురి మధ్య నిలబడుతోంది. ఒకరి కిస్తీ తేదీ ఇంకొకరికి తెలుసు కాబట్టి అవసరం ఉన్నవాణ్ని ముందు పంపుతున్నాం.

ఈ దాళ్వా కోతలకి ముందు ఇంకో రెండు మిల్లులు మాట్లాడుతున్నాయి. ఇరవై ఎనిమిది వేలకి రమ్మంటున్నారు, డబ్బు నెల తర్వాత ఇస్తామంటున్నారు. ఇరవై ఎనిమిదికి ఒప్పుకుందామని మా వాళ్లలో ఒకరు, వద్దని ఇద్దరు. నేనైతే రేటులో వెయ్యి తగ్గడానికి సిద్ధం, సగం డబ్బు మాత్రం బేళ్లు దిగిన రోజే చేతికి రావాలి. వచ్చే సోమవారం నలుగురం కలిసి మిల్లుకి వెళ్తున్నాం.